పైడయ్య మునక

మా అయ్యను నా తమ్ముడు ప్రేమించి చంపాడు. ఈ మాట ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. అంటే నా నోరు మంచిది కాదంటారు. ఆ సంగతి భావనపాడులో అందరికీ తెలిసిందే.

మా అయ్య పైడయ్య బతుకంతా సముద్రం మీదే గడిచింది. కిడ్నీలు పోయాక మెడకింద గొట్టం వేసి, పలాసలో డయాలసిస్ చేసేవారు. నేను ఎండుచేపల బేరం పక్కన పెట్టి ఆయన వెంట బస్సెక్కేదాన్ని. ఆ గొట్టానికి తడి తగిలితే ప్రాణం మీదికొస్తుందని నర్సమ్మ వెళ్ళినప్పుడల్లా హెచ్చరించేది. అందుకే ఆయనకు స్నానం లేదు. తడిగుడ్డతో నేనే ఒళ్ళు తుడిచేదాన్ని.

మా అమ్మ నారాయణమ్మ చనిపోయిన ఏడాదే తమ్ముడు కామేశ్ యేసు నమ్మకంలో కలిశాడు. నాకేం అభ్యంతరం లేకపోయింది. తాగుడు మానాడు, పెళ్ళాన్ని కొట్టడం మానాడు. గంగమ్మ తల్లి వల్ల కాని పని ఆ దేవుడు చేశాడు, ఒప్పుకుంటాను. కానీ తాగుడు లేచిపోయిన చోట భయం వచ్చి కూర్చుంది. వేట నుంచి రాగానే అయ్య మంచం పక్కన చేరి, చేతులు పట్టుకుని ఏడ్చేవాడు.

"అయ్యా, నరకంలో మంట ఆరదు. సచ్చిపోదామన్నా సావు రాదు. బాప్తిస్మం తీసుకో అయ్యా."

"నోర్ముయ్యరా. జబ్బుమడిసి కాడ ఏటా మాటలు?" అన్నాను నేను.

"నీకు తెలీదప్పా. ఇలగే పోతే అయ్య ఎప్పుడూ మంటలోనే ఉంటాడు."

"మరి మనమ్మో? అమ్మెక్కడుందిరా?"

కామేశ్ తల దించుకున్నాడు. నోరు తెరిచి చెప్పినా అంత కోపం వచ్చేది కాదేమో. ఊళ్ళో ఎవరింట్లో పొయ్యి వెలగకపోయినా తన కుండలోంచి గంజి పోసి పంపిన మనిషిని, కన్నకొడుకు తల దించుకుని మంటలో పడేశాడు. చేతిలో ఉన్న చెంబు వాడి మీదికి విసిరాను. గురి తప్పింది.

తర్వాతి వారం టెక్కలి నుంచి పాస్టరు ప్రదీప్ వచ్చాడు. మర్యాదస్తుడు. నన్ను "అమ్మా" అన్నాడు, మంచం మీద కాకుండా కింద కూర్చున్నాడు. తిట్టడానికి సందు ఇవ్వని మనుషులంటే నాకు మరీ మంట. గొట్టం చూపించి, కావాలంటే నెత్తిమీద నాలుగు చుక్కలు చల్లి పొమ్మన్నాను.

"మా సంఘంలో చిలకరింపు లేదమ్మా. నిండా మునగాలి. పాత మనిషి చనిపోయి కొత్త మనిషిగా పైకి రావాలి."

"పాతోడు సచ్చేలాగే ఉన్నాడు. కొత్తోన్ని నువ్వు లేపుతావేటి?"

పాస్టరు నొచ్చుకోలేదు. దేవుని చిత్తం అన్నాడు. కామేశ్ మాత్రం ఆ మాట పట్టుకున్నాడు. పైగా వాడి దగ్గర ఇంకో ధైర్యం ఉంది. మా రేవులో చేతికి గాలం దిగినా, జెల్లచేప ముల్లు గుచ్చుకున్నా సముద్రపు నీళ్ళతోనే కడుక్కుంటారు. ఉప్పునీరు పుండుకు మందని పుట్టినప్పటి నుంచీ వింటాం.

"నర్సమ్మ సెప్పింది కుళాయినీళ్ళ గురించప్పా. గంగనీళ్ళు ఎవులికి సేటు సేసినాయి?" అన్నాడు. గంగమ్మను వదిలేసినవాడికి గంగనీళ్ళ మీద నమ్మకం మాత్రం వదల్లేదు!

నేను అరిచాను, కాళ్ళకు అడ్డం పడతానన్నాను. ఎవరూ లేనప్పుడు అయ్య నన్ను పిలిచాడు.

"ధనమ్మా, నాను కాల్తానో లేదో ఎవులు సూసొచ్చారు? ఈడు మాత్రం నా కళ్ళ ముందర రోజూ కాలిపోతన్నాడు. ఓపాలి మునిగితే ఆడికి నిద్రడతాది. అడ్డం రాకే తల్లీ."

ఆయన అలా అన్నాక నేనేం చేయను? చేతులు కట్టేసినట్టయింది.

ఆదివారం పొద్దున్న కామేశ్ గొట్టం చుట్టూ పాలిథిన్ కవరు చుట్టి, ఐసుపెట్టెలకు వేసే టేపు అంటించాడు. పాస్టరూ వాడూ చెరో రెక్కా పట్టుకుని అయ్యను నీళ్ళలోకి నడిపించారు. ముంచి లేపేసరికి కెరటం వచ్చి కవరు ఊడదీసుకుపోయింది. గట్టు మీద వాళ్ళు పాట అందుకున్నారు. అయ్య పెదాల మీది ఉప్పు నాకి నవ్వాడు. ఆ నవ్వు సముద్రానిది. కామేశ్ అది పరలోకం చూసిన నవ్వని అందరికీ చెప్పుకున్నాడు.

తర్వాతి డయాలసిస్‌లో అయ్యకు వణుకు పుట్టింది. ఒళ్ళు కాలిపోయింది. డాక్టరు నన్ను ఒక్కదాన్నే పక్కకు పిలిచి గొట్టం తడిసిందా అని అడిగాడు. తడిసిందన్నాను. అక్కణ్ణుంచే చీము రక్తంలోకి ఎక్కిందన్నాడు. అయ్య మళ్ళీ ఇంటికి రాలేదు.

సమాధి దగ్గర కామేశ్ ఏడవలేదు. అయ్య మహిమలో ఉన్నాడన్నాడు. ఆ రాత్రి వాడు గుర్రు పెట్టి నిద్రపోయాడని వాడి పెళ్ళాం సంబరంగా చెప్పింది. ఆ గుర్రు ఖరీదు నాకొక్కదానికే తెలుసు.

పెద్దదినం అయిపోయాక ఓ పూట నేను చేపలు ఆరబెడుతుంటే కామేశ్ వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. వేలితో ఇసుకలో గీతలు గీశాడు.

"అప్పా, నిజం సెప్పు. ఆ నీళ్ళ వల్ల కాదు గదా?"

ఈ ప్రశ్న కోసమే నేను కాచుకుని ఉన్నాను. డాక్టరన్న మాటను లోపల నూరి నూరి పెట్టుకున్నాను. ఒక్క మాట చాలు, ఏ పాస్టరూ పైకి లాగలేని గుంటలో పడతాడు. పడెయ్యాలనే ఉంది. అమ్మ కోసం, అయ్య కోసం, నా కోసం. కానీ వాడు నా నోటి వంకే చూస్తున్నాడు. ప్రాణం పెట్టి అయ్య కొనిపెట్టిన నిద్రను నేను నిలువునా తగలెయ్యాలా?

"కాదురా. గుండె ఆగిపోనాది. డాక్టరే సెప్పాడు."

వాడు ఊపిరి వదిలాడు. కళ్ళు తుడుచుకున్నాడు. మనిషి కుదుటపడగానే పాఠం మొదలెట్టాడు.

"నువ్వూ మా సంఘంలోకి వచ్చెయ్యప్పా. అబద్దాలాడినోలు గూడా ఆ మంటలోనే పడతారంట. నీకా బెంగ లేదు, నీ నోటంట అబద్దం రాదు. బాప్తిస్మం ఒక్కటే తక్కువ."

ముఖం మీద ఉమ్మెయ్యాలనిపించింది.

"నాను ఆ మంటలోకే ఎల్తాన్లే. నువ్వెల్లు, సేపల ఎండకి అడ్డం రాకు," అన్నాను.

కోపంతో అన్నాననుకున్నాడు. ఆ సాయంత్రం నుంచే నా కోసం ఉపవాసం పట్టాడు.