విలన్ చేతిలో పొన్నుకర్ర

మైకు పెట్టుకుని ఆటో వచ్చిందంటే గుట్టకిందపల్లెలో శుక్రవారం వచ్చినట్టే. ఆ ఉదయం కూడా ఆటోకు రెండు పక్కలా కొత్త సినిమా అట్టలు కట్టుకుని మీరా హుస్సేన్ వచ్చాడు. విత్తనానికి వేరుశనగ కాయలు ఒలుస్తూ అరుగుల మీద కూర్చున్న ఆడవాళ్లు చేతులాపకుండానే చెవులు అటు పడేశారు. సినిమా ప్రచారంలో అతనిది అందెవేసిన చేయి. దేవుడి సినిమా అయితే పక్క ఊళ్లో చూసినవాళ్లకు పూనకం వచ్చిందనేవాడు. ఏడుపు సినిమా అయితే చేతిగుడ్డలు తెచ్చుకొమ్మనేవాడు. అవన్నీ కోతలని అందరికీ తెలుసు, అయినా నవ్వుకుంటూ సినిమాకు పోయేవారు.

ఆ రోజు మాత్రం ఎవరూ నవ్వలేదు.

"రండి బాబూ రండి! యాడో జరిగిన కత కాదు, మన గుట్టకిందపల్లె నడివీధిలో జరిగిన కత! మన ఊర్లోనే తీసిన సినిమా! మీ కండ్లార చూసిందాన్ని మళ్లీ తెర మీద చూడండి! బత్తలపల్లె టాకీసులో, ఈ పొద్దు నుంచే!"

సుబ్బలక్ష్మమ్మ చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. ఆ నడివీధిలో జరిగిన కథ ఒక్కటే. అది ఆమె భర్త హనుమంతరాయుని చావు.

పొలం గట్టు దగ్గర మొదలై పంచాయతీ ఎన్నికలతో ముదిరిన తగాదా అది. చౌడప్ప తన మనుషులతో వచ్చి హనుమంతరాయుణ్ణి పట్టపగలు నరికాడు. దానికి బదులుగా చౌడప్ప తమ్ముడి ప్రాణం పోయింది. చౌడప్ప జైలుకు పోయాడు. మిగిలిన మగవాళ్లు కొందరు కోర్టుల చుట్టూ తిరిగారు, కొందరు ఊళ్లు పట్టుకుని పోయారు. వాన పడిన ఏడు కూడా విత్తే దిక్కులేక రెండు వైపులా చేలు బీడుపడ్డాయి. చౌడప్ప జైలు నుంచి వచ్చాక, ఊరి పెద్దమనిషి బయ్యన్న రెండు వర్గాలనూ ఒకచోట కూర్చోబెట్టి రాజీ చేశాడు. కత్తి పట్టకూడదన్నది మొదటి మాట. అవతలివాళ్లు వినేలా ఈల వేయకూడదు, వాళ్ల ఎదుట తొడ చరచకూడదు అన్నది రెండో మాట. కొత్తవారికి ఇది నవ్వులాటగా తోచవచ్చు. మా సీమలో ఒక్క ఈలకు తలలు తెగిన పల్లెలు ఉన్నాయి. ఆ రాజీ పుణ్యమా అని అందరూ మళ్లీ మడకలు కట్టి చేలు దున్నుకున్నారు.

క్రితం ఏడు సినిమావాళ్లు వచ్చారు. కథ ఏ పట్నం హోటల్ గదిలోనో రాసుకుని తెచ్చుకున్నారు. ఈ ఊరి తగాదా సంగతే వాళ్లకు తెలియదు. వాళ్లకు కావలసింది ఎర్రమట్టి, బోడిగుట్ట, కొడవళ్లు పట్టుకుని పరుగెత్తే తెల్ల చొక్కాలు. రెండు వర్గాల కుర్రవాళ్లూ అట్ట కొడవళ్లు పట్టుకుని సరదాగా కలిసే పరుగెత్తారు. బట్టలు చూసే అతను సుబ్బలక్ష్మమ్మ ఇంట్లో మంచినీళ్లు తాగుతూ గోడ మీద దండ వేసిన ఫోటో చూశాడు. వంకరగా చుట్టిన తలపాగా, ఎడమ భుజం మీద ఎర్ర శాలువా. ఫోటో కింద వెండి పొన్ను తొడిగిన చేతికర్ర.

"అమ్మా, మా సినిమాలో ఒక ఊరిపెద్ద వేషముంది. ఈ కర్ర, శాలువా ఇస్తే అచ్చంగా సరిపోతాయి" అన్నాడు.

ఆమె పొంగిపోయింది. కర్రను కొంగుతో తుడిచి మరీ ఇచ్చింది. ఆ ఊరిపెద్ద మంచివాడో చెడ్డవాడో అడగాలని ఆమెకు తోచలేదు. చెప్పాలని అతనికీ తోచలేదు. పాపం, ఇద్దరిలో ఎవరి మనసులోనూ కల్మషం లేదు.

ఇప్పుడా సినిమా వచ్చింది. సుబ్బలక్ష్మమ్మ కొడుకు దివాకర్ మ్యాట్నీకి పోయి సాయంత్రం ఎండ ఉండగానే తిరిగి వచ్చాడు. వస్తూనే తల్లిని పలకరించకుండా అటక మీదికి చేయి పెట్టాడు. గోనెసంచిలో చుట్టిన వేటకొడవలి కిందికి దిగింది.

సుబ్బలక్ష్మమ్మ గడపకు అడ్డంగా వచ్చింది. "ఏమప్పా ఇది? యాడికి పోతాండావు?"

"నాయన్ని మళ్లీ చంపినారు మా. ఆ విలన్ గాని చేతిలో నాయన కర్ర. నాయన శాలువా. వాడు ఆడోళ్లను చెరుస్తాడు, బాయిలో ఇసం కలుపుతాడు. ఆఖర్న హీరో వాణ్ణి నడివీధిలో నరుకుతాడు. మన వీధే! నరికేటప్పుడు నేల టికెట్లో కూసున్న చౌడప్ప కొడుకు, వాని జతగాళ్లు లేసి నిలబడి కాగితాలు చల్లి ఈలలేసినారు. రాజీ ఆడనే పోయింది."

"ఆ కర్ర నేనే ఇచ్చినా నాయనా" అంది ఆమె. "పెద్దమనిషి ఏసమంటే ఇచ్చినా."

దివాకర్ తల్లిని పక్కకు జరిపాడు. "ఇచ్చింది నువ్వయినా, ఈలేసింది వాళ్లు" అని గడప దాటాడు. అప్పటికే వీధిలో నలుగురైదుగురు అతని వెంట నడిచారు.

బతిమాలితే ఆగే కోపం కాదది. సుబ్బలక్ష్మమ్మకు అది తెలుసు. ఆమె అడ్డదారిన పరుగెత్తి, భర్త పోయాక ఎన్నడూ కాలు పెట్టని పైవీధికి, చౌడప్ప వాళ్లుండే వీధికి, కొడుకు కంటే ముందే చేరింది. కర్ర సంగతీ కొడవలి సంగతీ ముందే పాకిపోయి, చౌడప్ప మిద్దె మీద అప్పటికే మనుషులు రాళ్లు పట్టుకుని నిలబడ్డారు. కింద తలుపులు మూసి ఉన్నాయి. వీధిలో పిల్లలను లోపలికి లాక్కుంటున్నారు. ఫస్టు షోకు ప్రచారం చేసుకుంటూ వచ్చిన మీరా హుస్సేన్ ఆమె వెనకే వచ్చిన దివాకర్ చేతిలో కొడవలి చూసి ఆటో వదిలేసి మధ్యలోకి ఉరికాడు.

"తప్పు నాది దివాకరన్నా! ఊరి పేరు కలిపితే నాలుగు టికెట్లు ఎక్కువ తెగుతాయని నోటికొచ్చింది చెప్పినా. అల్లా తోడు, ఆ కత మీది కాదు!"

"పక్కకు పో భాయ్" అన్నాడు దివాకర్.

తలుపు తెరుచుకుంది. చౌడప్ప వట్టి చేతులతో బయటికి వచ్చాడు. వెనక నుంచి అతని కొడుకు, "హీరో కొడతాంటే ఈలేసినాం గానీ, అది మీ ఇంటి కర్రని మాకు తెలీదు పెద్దమ్మా" అని అరిచాడు. ఎవరూ వినిపించుకోలేదు. మిద్దె మీది రాళ్లు అలాగే లేచి ఉన్నాయి.

సుబ్బలక్ష్మమ్మ చౌడప్ప ఎదుటికి పోయి నిలబడింది. "చౌడప్పా, ఆ మనిషిని సంపింది నువ్వు. నీకంటే బాగా ఎవురికి తెలుసు? ఊరంతా ఉండాది, చెప్పు. నా మొగుడు ఆ సినిమాలో మాదిరి మనిషా?"

చౌడప్ప తల దించుకున్నాడు. పగకు ముందు ఆమెను పిలిచిన పిలుపు అతని నోట్లోంచి అప్పుడు వచ్చింది.

"కాదక్కా. గట్టు కాడ మొండోడు గానీ, ఏ ఆడబిడ్డ దిక్కూ కన్నెత్తి చూసినోడు కాడు. కరువేడు మా ఎద్దులు ఆయప్ప బాయిలోనే నీళ్లు తాగినాయి. అంతటోణ్ణి నరికినా నేను." దివాకర్ వైపు తిరిగాడు. "పొద్దున ఆటకు నేనూ పోయింటినప్పా. హీరో నరికినాడు, దీపాలు ఎలిగినాయి, జనం ఇండ్లకు పోయినారు. మీ నాయన్ని నరికినాక నాకు దీపాలు ఎలగలేదు. తమ్ముడు పోయె. మాయమ్మ సస్తే జైల్లో ఉంటి, కొరివి పెట్టనీకి రాలేకపోతి. ఇప్పటికీ వాకిట్లో కుక్క మొరిగితే ఉలిక్కిపడి లేస్తా. ఇవన్నీ ఆ సినిమాలో యాడ సూపించినారు?"

తండ్రి మంచివాడని ఊరి నడుమ, అదీ చంపినవాడి నోట వినేసరికి దివాకర్‌కు ఏడుపు ఆగలేదు. కొడవలి పట్టిన చేయి తనంతట తానే కిందికి జారింది. మిద్దె మీద ఒక్కొక్కరే రాళ్లు దించారు.

సుబ్బలక్ష్మమ్మ కొడుకు చేతిలోంచి కొడవలి తీసుకుంది. మిద్దె మీది కుర్రవాళ్లకు కూడా వినపడేలా అంది:

"సినిమావోళ్లు కొడవలి దిగేంతవరకే తీసి అమ్ముకుంటారు. దిగినాక కొంపలు ఏమయితాయో మన బిడ్డలకు మనమే చెప్పాల."