తుఫాను ఏడాది

టీచరమ్మ ఒక జట్టు పిల్లలు రాసుకొచ్చిన కాగితాలు తిరగేసి, మళ్ళీ వాళ్ళ చేతుల్లోనే పెట్టింది. "ఇదంతా ఫోన్లో చూసి దించిందే కదర్రా. ఇది చూసినవాళ్ళు చెప్పారా, విన్నవాళ్ళు చెప్పారా? అది తేలకపోతే చరిత్ర కాదు, పుకారు."

ఏళ్ళ తరబడి అదే బల్ల, అదే మాట. సుద్దపొడి వేళ్ళ గీతల్లో ఇంకిపోయింది. కళ్ళజోడు ముక్కు మీద పల్లం చేసుకుంది. పిల్లలు చాటుగా ఆమెను తేదీలమ్మ అంటారు. పిల్లలు కదా, అననీ అనుకుంటుంది.

ఈసారి ప్రాజెక్టుకు ఇచ్చిన అంశం 'ఆడవాళ్ళు చేసిన ఉద్యోగాలు'. ఒక పొడుగుపిల్లా, ఒక వసపిట్టా కలిసి మూతపడ్డ టెలిఫోన్ ఎక్స్ఛేంజీని ఎంచుకున్నారు. లైబ్రరీ అంతా గాలిస్తే దొరికింది, ఆ భవనానికి రిబ్బను కత్తిరించిన పెద్దమనుషుల ఫోటో. అందులో ఆడమనిషన్నదే లేదు.

"టీచర్, మీ అమ్మగారు అక్కడే చేశారట కదా! సాక్షిని ఇంట్లో దాచుకుని మమ్మల్ని ఊరంతా తిప్పుతున్నారా?" అంది వసపిట్ట.

ఎంతమంది పిల్లల్ని పెద్దవాళ్ళ దగ్గరికి తరిమిందో తేదీలమ్మ! తాను మాత్రం అమ్మను ఏమీ అడిగి ఎరగదు. మాత్ర వేసుకున్నావా, అన్నం తిన్నావా, అంతే. ఇక ఎన్నాళ్ళో ఉండదని డాక్టరు చెప్పేశాక కూడా అడగలేదు. ఆ సాయంత్రమే వాళ్ళను ఇంటికి వెంటబెట్టుకెళ్ళింది.

అమ్మ దిండ్లకు ఆనుకుని ఆయాసపడుతోంది. పిల్లల్ని చూడగానే ముఖం విప్పారింది. "రండర్రా. అంతంత జడలా! మమ్మల్ని ముడి పెట్టుకోమనేవాళ్ళు, ఫోన్లు కలిపే బోర్డు తీగల్లో చిక్కుకుంటాయని."

"తీగ లాగితే జడ ఊడొచ్చేదా, బామ్మగారూ?"

"జడ రాదే పిచ్చిదానా, సూపర్వైజరు వచ్చేవాడు!"

గది గదంతా నవ్వింది. తర్వాత ముసలామె గొంతు తగ్గించింది. "తుఫాను ఏడాది ఒకటి జరిగిందే. ఎవ్వరికీ చెప్పలేదు. నీళ్ళు మెట్లెక్కుతున్నా నేను బోర్డు దగ్గర్నుంచి లేవలేదు. అప్పుడు నేను కడుపుతో ఉన్నాను..."

"కాదమ్మా," అంది తేదీలమ్మ. ఏం చేస్తుంది, అలవాటు. "తుఫాను నేను పుట్టిన మరుసటేడు కదా వచ్చింది? తేదీ తప్పు చెబుతున్నావు. పిల్లలు అలాగే రాసుకుంటారు."

"అన్నీ నీకు తెలుసుగా. అయితే నువ్వే చెప్పు," అని అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. ఎంత బతిమాలినా పలకలేదు.

"రేపు రండమ్మా, చెబుతుందిలే," అని పిల్లల్ని పంపించి, అలక తీర్చడానికి పాలు వెచ్చబెట్టబోయింది తేదీలమ్మ. పాలు పొంగుకొస్తుంటే గరిటె పట్టిన చెయ్యి ఆగిపోయింది. కడుపుతో ఉన్నానంది గానీ, ఆ బిడ్డవు నువ్వేనని అమ్మ అనలేదే! ఇన్నేళ్ళూ అమ్మకు తానొక్కతే బిడ్డననుకుంది తేదీలమ్మ. తేదీ తప్పు కాదు. ఇంకో బిడ్డ. ఆ నీళ్ళలో ఏమైంది?

పాలు పొయ్యి మీదే వదిలేసి పరుగెత్తింది. "అమ్మా, తుఫాను ఏడాదే. నువ్వన్నదే నిజం. చెప్పవే. ఇక నోరెత్తితే ఒట్టు."

అమ్మ గోడవైపే తిరిగి ఉంది. దుప్పటి కదలడం లేదు.

మర్నాడు మనుషులు వచ్చారు, వెళ్ళారు. గుమ్మంలో వసపిట్ట, రాసుకోవడానికి తెచ్చిన పుస్తకం వీపు వెనక దాచుకుని నిలబడింది. తేదీలమ్మ మాడిన గిన్నె తోముదామని వంటింట్లోకి వెళ్ళింది. కిటికీ ఊచకు చిన్న ఇత్తడి గంట వేలాడుతోంది, అమ్మకు ఏదైనా కావాలంటే పిలవడానికి కట్టింది. దాని దారం గుమ్మం మీదుగా సాగి, పక్కగదిలో పరుపు తీసేసిన మంచం దాకా అలాగే ఉంది.