బోండంపై యుద్ధం

సమస్త లోకంలో కొబ్బరిబోండమంత అమాయకంగా కనిపించే హంతకుడు మరొకడు లేడు. ఇది మూత్రపిండాల నిపుణురాలు డాక్టర్ నేత్రావతి సిద్ధాంతం. మూత్రపిండాలు చెడినవారి ఒంట్లో బోండంలోని పొటాషియం పేరుకుపోయి గుండెను ఆపగలదు. బెంగళూరువాసులకేమో రోగి దగ్గరికి బోండం లేకుండా వెళ్లడం మహాపాతకం. ఈ రెండు ధర్మాల ఘర్షణలోనే ఆమె ఉద్యోగజీవితం అరిగిపోయింది.

ఆ ఉదయమూ ఆమె చెక్‌పోస్టు జవానులా డయాలసిస్ మంచాల కిందికి వంగి చూస్తున్నది. పీణ్య కార్ఖానాలో లేత్ మిషన్ నడిపి రిటైరైన సొన్నప్ప, ఏళ్లుగా ఆమె రోగి, అప్పుడే విపరీతమైన ఆయాసంతో వచ్చాడు. ఐసీయూకు మార్చమన్నదామె. అక్కడా ఏలిక ఆమే కనుక, రోగికి ఆమెనుంచి తప్పించుకునే దారి ఎటూ లేదు.

స్ట్రెచర్ తగిలి, తోడొచ్చిన అతని పెద్దక్క చేతిసంచి ఒరిగింది. అందులోంచి పచ్చని బోండం దొర్లివచ్చి డాక్టరు కాళ్ల దగ్గర ఆగింది.

"ఎన్నిసార్లు చెప్పాలప్పా నీకు? చచ్చేదానికా ఇక్కడికొచ్చేది?"

"నాకు గాదమ్మా అది."

"ఔను, మంచానికి తాపేదానికి తెచ్చినావు."

సొన్నప్ప ఇంకేదో అనబోయాడు. ఆక్సిజన్ మాస్కు ఆ మాటను లోపలే ఉంచేసింది.

కాసేపటికి రక్తపరీక్ష ఫలితం వచ్చింది. పొటాషియం సక్రమంగానే ఉంది. తిట్టును వెనక్కి తీసుకుందామని ఆమె అనుకున్నది. ఈలోగా మరో మూడు మంచాలు ఆమెను పిలిచాయి. మధ్యాహ్నం, ఏళ్ల తరబడి అలసిన సొన్నప్ప గుండె, ఏ బోండం ప్రమేయమూ లేకుండా ఆగింది. ఆమే స్వయంగా చాలాసేపు అతని ఛాతీని అదిమింది. ఫలితం లేకపోయింది.

బయట పెద్దక్క ఏడవలేదు. మళ్లీ సంచిలో వేసుకున్న బోండం తీసి డాక్టరు చేతిలో పెట్టింది.

"మీకేనమ్మా తెచ్చింది. 'నీళ్లు తాగొద్దని మాకు చెప్పేదే గానీ, ఆయమ్మ ఒక గుటకైనా తాగేది నేను చూళ్లేదక్కా, ఎప్పుడో పడిపోతాది' అంటా ఉండె మా తమ్ముడు. పొద్దున ఆయాసంలోనే ఆటో నిలిపి ఏరుకోనొచ్చినాడు."

నేత్రావతికి అప్పుడు గుర్తొచ్చింది, తెల్లవారి కాఫీ తర్వాత తన గొంతులో ఏమీ పడలేదని. గదిలోకి వెళ్లి, బోండాన్ని బల్లమీద పెట్టి, ఒక్కసారికి ఓడిపోదామని నిశ్చయించుకుని, దాన్ని కొట్టే కత్తి తెమ్మని నర్సును పంపింది. నర్సు అంతస్తులన్నీ తిరిగి ఉత్త చేతులతో వచ్చింది. ఆ ఆసుపత్రిలో వెంట్రుకను నిలువునా చీల్చగల కత్తులెన్నో ఉన్నాయి. బల్లమీది బోండాన్ని కొట్టగలది ఒక్కటీ లేదు.