కళ్యాణక్క మెయిల్‌బాక్స్

వినీల డబ్బాలో అన్నం సర్దుతుంటే అత్త వరమ్మ అడిగింది. "చంకల గడ్డ చూపిచ్చుకోను దవాఖానకు ఎప్పుడు పోతవే?"

"ఆఫీసుల కొత్త సర్వర్ వచ్చినంక పోత అత్తమ్మా," అంది వినీల. భర్త ఆశేర్ చెప్పులేసుకుంటూ, "కూసొని చేసే కొలువుకు గిన్ని రోగాలేంది," అని నవ్వాడు. ఆమె డబ్బా మూత బిగించింది.

గగన్‌పహాడ్ దాటాక ఉన్న కార్గో కంపెనీలో వెయ్యిమంది మెయిళ్లు ఆగకుండా చూసుకునేది వినీల ఒక్కతే. పాత సర్వర్ మూలుగుతోంది. కొత్తదానికి ఏమేం కావాలో ఇవాళ తేల్చాలి. మేనేజర్ ఫణికి ఖరీదైన ప్రాసెసర్ మీద మనసు. మెయిల్‌కి ముందు కావలసింది వేగమైన డిస్కులని ఎంత చెప్పినా ఎక్కదు. వెయ్యిమంది ఒక్కసారే పిలిస్తే విసుక్కోకుండా అందించడం ఎంత పనో, ఇంట్లో మంచినీళ్లు కూడా కూర్చున్న చోటికి తెప్పించుకునేవాడికి ఏం తెలుస్తుంది?

"రెండేసి డిస్కులెందుకండీ?" అన్నాడు ఫణి, ఆమె రాసిన జాబితా చూసి.

"ఒకటి పోయినా రెండోది నడిపిస్తది సార్. పోయిన సంగతి ఎవరికీ తెల్వది."

"అయితే పాతవాళ్ల మెయిల్‌బాక్సులు తీసేయండి. కొంత చోటు కలిసొస్తుంది."

ఎవరిది ఎంత నిండిందో చూసింది. అన్నిటికన్నా పెద్దది కళ్యాణిది. వినీలకు ఈ పని నేర్పింది ఆమే, ఈ కుర్చీ ఆమెదే. ఆమె చనిపోయి మూడేళ్లయినా ఆ మెయిల్‌బాక్స్ మూసేయడానికి వినీలకు చేతులు రాలేదు, తెరిచే ధైర్యమూ లేకపోయింది. ఇవాళ తెరిచింది. నిండా చదవని మెయిళ్లే. కళ్యాణిగారూ, పాస్‌వర్డ్ మర్చిపోయాను. కళ్యాణిగారూ, కొంచెం అర్జెంటు. పొద్దున వచ్చినది కూడా ఉంది. చచ్చిన మనిషిని కూడా వదలరా అని ఒళ్లు మండింది. ఆ వెంటనే భయమేసింది. కళ్యాణక్కను తీసుకుపోయిందీ ఇలాంటి గడ్డే. ఒకరోజు టీ తాగుతూ ఆమె అన్న మాట పక్కనే కూర్చుని చెప్పినట్టు వినిపించింది. "కొత్త సర్వర్ వచ్చినంక పోత వినీలా." ఈ పాతదే అప్పటి కొత్తది. అది వచ్చాక ఇంకో పని, దాని వెనక మరో పని. పొద్దున వంటింట్లో పలికిన గొంతు తనదేనా?

చేయి దానంతటదే చంక కిందికి పోయింది. లేచి ఫణి దగ్గరికి వెళ్లింది.

"డిస్కులు జతలుగానే ఉండాలె సార్. రేపటి సంది నేను రాను, దవాఖానకు పోతున్న."

"సర్వర్ పని మధ్యలో ఎలాగండీ? ఇంతమందికి ఎవరు చూస్తారు?"

వినీల బ్యాగు భుజాన వేసుకుంది.

"కళ్యాణక్కకు మెయిల్ పెట్టుండ్రి సార్. ఇప్పటికీ అందరు ఆమెకే పెడుతున్నరు."