పంచినవాళ్ళు ఆఖరున

నా పెద్ద కొడుకుది నోరు మంచిది, చిన్న కొడుకుది చెయ్యి మంచిది. ఈ రెండూ ఒక్క మనిషికే ఉండి ఉంటే నాకు ఒక్క కాన్పుతో సరిపోయేది. అలా జరగలేదు కాబట్టి, మా బేకరీ ముందు గదిలో పెద్దాడు కౌంటర్ దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళందరినీ వరసలు కలిపి పలకరిస్తాడు. వెనక గదిలో చిన్నాడు ఓవెన్ ముందు నిలబడి, ఎవరినీ పలకరించకుండా బ్రెడ్ కాలుస్తాడు. వాళ్ళ నాన్న పోయాక కూడా బండి అలాగే సాఫీగా నడిచింది. ఈమధ్యే చెడింది.

ఎందుకు చెడిందో చెప్పుకోవాలంటే సిగ్గుచేటు. ఎవరో ఆర్డరిచ్చిన కేకు మాడింది. పెద్దాడు ఆ మనిషి ఎదుటే తమ్ముణ్ణి నానా మాటలూ అన్నాడు. చిన్నాడు కిక్కురుమనకుండా ఏప్రన్ విప్పి మేకుకి తగిలించి ఇంటికి పోయాడు. మర్నాడు పనిలోకి వచ్చాడు గానీ, ఆ రోజు నుంచీ ఇద్దరి మధ్యా మాటల్లేవు. "పాలు అయిపోయాయని చెప్పమ్మా" అని ఒకడు, "తెప్పించానని చెప్పమ్మా" అని ఇంకొకడు. తలుపుకి అటొకడు, ఇటొకడు. మధ్యలో నేను టెలిఫోన్ పని చేశాను. చివరికి పంచేసుకుందాం అన్నదాకా వచ్చింది.

విడిపోతే విడిపోనీ, దానికి నేను గుండెలు బాదుకోలేదు. కానీ కడుపులో కసి పెట్టుకుని విడిపోతే ఇక ఈ జన్మలో ఒకరి గుమ్మం ఒకరు తొక్కరు. నా భయమల్లా అదే. ఇద్దరికీ చెరొక ఆడపిల్ల. ఇద్దరూ ఒకే బడిలో మూడో తరగతి, ఒకే బెంచీ, వానొస్తే ఒకే గొడుగు. పెద్దాడి కూతురికి తండ్రి నోరే వచ్చింది, దాన్ని లాయరమ్మ అంటాం. చిన్నాడి కూతురు ట్రేల కింద రాలిన బిస్కెట్ ముక్కలు ఏరుకుని తింటుంది, దాన్ని చుంచు అంటాం. "వేరయ్యాక మా పిల్లని బడి కూడా మార్పిస్తాం" అని చిన్న కోడలు గొణుక్కోవడం ఒకరోజు నా చెవిన పడింది. ఆ పూట నాకు ముద్ద దిగలేదు.

ఈ పిల్లల టీచర్ సంగతి కూడా చెప్పాలి. పిల్లల్లో మంచి విలువలు పెంపొందిస్తామని ఆ బడి హెడ్మాస్టర్ మీటింగు పెట్టి ఊదరగొట్టాడు. నేను హాయిగా కునికిపాట్లు పడ్డాను. తీరా చూస్తే మూడో తరగతి టీచర్ నీతులనేవే చెప్పదు. ఆవిడకి ఉన్నది ఒకటే పద్ధతి. క్లాసులో ఏది పంచాలన్నా పిల్లల చేతే పంచిస్తుంది. బంకమట్టి అయినా, రంగు కాగితాలయినా, కిటికీ పక్క సీటయినా, ఆఖరికి గది ఊడ్చే పనయినా సరే. పంచినవాళ్ళు మాత్రం ఆఖరున తీసుకోవాలి.

బడి తెరిచిన కొత్తలో లాయరమ్మ వెక్కి వెక్కి ఏడుస్తూ ఇంటికొచ్చింది. "నేనే కోశాను నాయనమ్మా, నాకే చిన్నది వచ్చింది!" ఏం జరిగిందయ్యా అంటే, ఇది బంకమట్టి ముద్దని రెండు ముక్కలు చేసి, పెద్దది తన వైపు జరుపుకుంది. చుంచు ఎంచక్కా ఆ పెద్దదే పట్టుకుపోయింది. పసిపిల్లని ఏడిపించారని నాకు ఒళ్ళు మండింది. మర్నాడు బడికి వెళ్ళి నిలదీశాను.

"ఏమ్మా, పిల్లల్ని ఏడిపించడమేనా చదువంటే?"

"ఏడుపొస్తే ఇంకోసారి పంచొచ్చమ్మా, అది కూడా మా క్లాసులో ఉంది. కూర్చోండి, చూసి వెళ్దురు గానీ," అంది టీచర్.

ఆ చిన్న కుర్చీలో ఎలాగో ఇరుక్కుని కూర్చున్నాను. లాయరమ్మ మళ్ళీ ముద్ద కోసింది. ఒక్కో అరచేతిలో ఒక్కో ముక్క పెట్టుకుని, కళ్ళు మూసుకుని తూచింది. ఇటు నుంచి చిటికెడు తీసి అటు అంటించింది. మళ్ళీ తూచింది. బంగారం కొట్టువాళ్ళు కూడా అంత నిదానంగా తూచరు. చివరికి రెండు చేతులూ చుంచు ముందు చాపి, "ఏదైనా తీసుకో, ఇప్పుడు నాకు ఏడుపు రాదు," అంది. నా కోపం ఎటు పోయిందో నాకే తెలీదు.

ఇక పంపకాల రోజు. ఆదివారం షాపు మూసి అందరం ముందు గదిలో చేరాం. పెద్దమనిషిగా ఉంటాడని మా తమ్ముణ్ణి పిలిచాం. వాడు వచ్చీ రాగానే కేకు ముక్క ఒకటి చేతిలోకి తీసుకుని కుర్చీలో సర్దుకున్నాడు.

పెద్దాడు గొంతు సవరించుకున్నాడు. "ముందు గది, కౌంటరు, అద్దాల బీరువా, షాపు బోర్డు నాకు. వెనక గది, ఓవెన్, పిండి కలిపే మిషను వాడికి. మిషన్లన్నీ వాడికే వదిలేస్తున్నాను మావయ్యా, చూడు. వెనక సందులోకి తలుపు పెట్టించుకుంటే వాడి వ్యాపారం వాడిది."

వెనక సందులో చెత్తడబ్బాలు, పిల్లులు తప్ప ఇంకేమీ ఉండవు. "ఆ సందులోకి ఎవడొస్తాడురా బ్రెడ్ కొనడానికి?" అన్నాను.

"అమ్మా, నువ్వు ఊరుకో."

"మిషన్లంటే మాటలా అక్కా, ఖరీదైనవి కదూ," అన్నాడు మా తమ్ముడు కేకు నములుతూ. వీణ్ణి పిలిచినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. చిన్నాడేమో నేల చూపులు చూస్తున్నాడు. వాడి తత్వం నాకు తెలుసు. సరేనంటాడు, సంతకం పెడతాడు, బతికినన్నాళ్ళూ లోపల కుములుతాడు.

ఇంతలో లాయరమ్మ బిస్కెట్ డబ్బాల మీంచి దిగి వచ్చింది. "నాన్నా, పంచింది నువ్వే కదా?"

"అవునే."

"అయితే బాబాయ్ ముందు తీసుకోవాలి. పంచినవాళ్ళు ఆఖరున."

అందరం నవ్వేశాం. పెద్దాడూ నవ్వాడు. వాడికి కూతురి మాటలంటే మహా ముద్దు. పైగా ఆకాశం ఊడిపడినా తమ్ముడు ఓవెన్‌ని వదలడని వాడి ధీమా. "అలాగే కానియ్యి. ఏది కావాలో తీసుకోమను మీ బాబాయ్‌ని," అన్నాడు దర్జాగా.

చిన్నాడు తలెత్తాడు. వెనక గది వైపు చాలాసేపు చూశాడు. కట్టుకున్న పెళ్ళాంతో కంటే ఆ ఓవెన్‌తోనే వాడు ఎక్కువ కాపురం చేశాడు. తర్వాత అన్న మొహంలోకి చూశాడు.

"నాకు ముందు గది కావాలి," అన్నాడు.

పెద్దాడు దిగ్గున లేచాడు. "అదెలా కుదురుతుంది? ఆ ఓవెన్‌తో నేనేం చేసుకోను? ఆ సందులోకి ఎవడొస్తాడు?"

మా తమ్ముడు నమలడం ఆపేశాడు. ఏ మాటకి నా నోరు మూయించాడో, ఆ మాటే ఇప్పుడు పెద్దాడి నోటి నుంచి వచ్చింది.

"అయితే సరిగ్గా పంచలేదు నాన్నా," అంది లాయరమ్మ.

పెద్దాడు చెయ్యెత్తాడు. పిల్ల మీద ఏనాడూ చెయ్యి చేసుకోనివాడు ఆ రోజు ఎత్తాడు. ఆ చెయ్యి మధ్యలోనే ఆగింది గానీ, పిల్ల అప్పటికే వచ్చి నా వెనక నక్కింది. అక్కడి నుంచే అంది. "నేనూ అలాగే చేశాను నాన్నా. నాకూ ఏడుపొచ్చింది."

పెద్దాడు షట్టర్ దడాలున ఎత్తి బయటికి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే "ఆ టీచరమ్మ సంగతి తేల్చుకుంటాను" అని బడికి బయల్దేరాడు. వీడు అక్కడ నోరు పారేసుకుంటాడని నేనూ పడుతూ లేస్తూ వెంటపడ్డాను. టీచర్ వేళ్ళ నిండా జిగురుతో కాగితాలు అతికిస్తోంది. వీడు గుమ్మంలోంచే మొదలుపెట్టాడు.

"మీరు పిల్లలకి నేర్పేది ఇదేనా టీచర్ గారూ? కన్న తండ్రినే నిలదీయమనా?"

క్లాసంతా ఇటు తిరిగింది. "ఏమందండీ?" అని అడిగింది ఆవిడ.

"సరిగ్గా పంచలేదంది. అందరి ముందూ!"

"సరిగ్గా పంచారా మరి?"

ఎత్తిపొడుపు లేదు, కోపం లేదు. పిల్లల్ని అడిగినట్టే అడిగింది. పెద్దాడు ఆ చూపు తప్పించుకోవడానికి కూతురి కోసం వెతికాడు. బెంచీ మీద చుంచు ఒక్కతే ఉంది, కాళ్ళ దగ్గర రెండు బడిసంచులు గోడలా నిలబెట్టుకుని.

"అక్క ఇవాళ రాలేదు పెదనాన్నా," అంది చుంచు. దానికి అబద్ధమాడటం చేతకాదు, చెవులు ఎర్రగా కందిపోయాయి. సంచుల పక్క నుంచి లాయరమ్మ బూట్లు రెండూ కనపడుతూనే ఉన్నాయి. కొందరు పిల్లలు కిసుక్కున నవ్వారు. పెద్దాడు నవ్వలేదు. తన గొంతు వినగానే తన కూతురు బెంచీ కింద దూరిందని అర్థమై, వాడి భుజాలు జారిపోయాయి. వాడి మీద నాకున్న కోపం కూడా అక్కడితో సగం చల్లారింది.

వాడు నేల మీద గొంతుక్కూర్చున్నాడు. "బయటికి రా అమ్మా."

"కొడతావా?" అంది బెంచీ కింద నుంచి.

"కొట్టను."

"ఒట్టు?"

"ఒట్టే తల్లీ."

బయటికొచ్చి మోకాళ్ళు దులుపుకుందో లేదో, దాని నోరు దానికి తిరిగొచ్చేసింది. "నాన్నా, ఏడుపొస్తే ఇంకోసారి పంచొచ్చు. టీచర్ మాకు ఎప్పుడూ ఒప్పుకుంటారు."

పెద్దాడు టీచర్ వైపు తలెత్తాడు. "పెద్దవాళ్ళకి కూడానా?" అన్నాడు. వేళాకోళం కాదు, నిజంగానే అడిగాడు.

"నేను మూడో తరగతి వరకే టీచర్నండీ," అంది ఆవిడ. "అయినా మిమ్మల్ని వద్దనేదెవరు?"

ఆ మధ్యాహ్నం వాడు సుద్దముక్క, టేపు పట్టుకుని వెనక గదిలో అడుగుపెట్టాడు. అక్కడికి వాడు వెళ్ళి ఎన్నాళ్ళయిందో. నిమిషంలో చొక్కా తడిసి ముద్దయింది. కొలుస్తూ కొలుస్తూ ఆగాడు. కొలతలొక్కటే తెలిస్తే చాలదు కదా, ఆ వాటాలో పని ఎలా ఉంటుందో తెలియకుండా ఏం పంచుతాడు?

"పొద్దున ఓవెన్ వేడెక్కడానికి ఎంతసేపు పడుతుంది?" అని అడిగాడు, సూటిగా తమ్ముణ్ణే.

చిన్నాడు అలవాటు కొద్దీ నా వైపు చూశాడు, జవాబు నేను మోసుకెళ్తానని. నేను చెవిటిదానిలా గోడకేసి తిరిగాను.

"గంట పైనే," అన్నాడు చిన్నాడు ఆఖరికి.

"ఇద్దరి సరుకూ దీనిలో కాలుతుందా?"

"వంతులేసుకుంటే కాలుతుంది."

"ఇక్కడ ఇంత ఉక్కేంట్రా? ఒక ఫ్యాన్ అడగొచ్చు కదా?"

"అడిగాను. తెచ్చావు. కౌంటర్ దగ్గర పెట్టించుకున్నావు."

పెద్దాడు ముందు గదిలోంచి ఫ్యాన్ తీసుకొచ్చి చిన్నాడి వెనక పెట్టి, మళ్ళీ టేపు విప్పాడు.

ఆ వారమంతా షాపులో సుద్దగీతలే. గీస్తాడు, కళ్ళు మూసుకుని ఆలోచిస్తాడు, కాలితో చెరిపేస్తాడు. "ఇటువైపు వస్తే నాకు ఏడుపొస్తుంది" అని ఒకసారి వాడిలో వాడే గొణుక్కోవడం విని నేను నవ్వు ఆపుకోలేకపోయాను. మధ్యమధ్యలో తమ్ముణ్ణి ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నాడు. అడగక తప్పదు మరి. నా టెలిఫోన్ ఉద్యోగం ఆ వారంలోనే ఊడింది. బడి మార్చే మాట చిన్న కోడలు మళ్ళీ ఎత్తలేదు.

చివరికి ముందు గదికి నడిమధ్యగా ఒక గీత నిలిచింది. ఒక సగంలో అద్దాల బీరువా, పొద్దుటి వంతు ఓవెన్. రెండో సగంలో మలుపులోని రెండు వీధులూ కనిపించే మూల, మధ్యాహ్నం వంతు ఓవెన్. పిండి మిషను, వెనక గది ఉమ్మడి. చేతకాని పనికి ఎవరి మనిషిని వాళ్ళు పెట్టుకోవాలి. పిల్లలిద్దరూ గీతకి అటొకరు ఇటొకరు నిలబడి చూస్తున్నారు. చిన్నాడు రెండు వైపులా నడిచి వచ్చాడు.

"రెండూ బాగున్నాయి అన్నయ్యా," అన్నాడు. "నీకేది ఇష్టమో నువ్వే ముందు చెప్పు."

ఇక వీడు బీరువా చూపిస్తాడనుకున్నాను. ఆ అద్దాల బీరువాని పెద్దాడు రోజూ తన చేత్తోనే తుడుచుకుంటాడు, ఎవర్నీ ముట్టుకోనివ్వడు. వాడి చూపు అటు పోయింది.

"కుదరదురా," అన్నాడు. "పంచింది నేను. నువ్వే ముందు."

చిన్నాడు కాసేపు ఆలోచించి బీరువా ఉన్న సగం చూపించాడు. ఓవెన్ పొద్దుటి వంతు దానితో వస్తుంది, వాడికి అదే ప్రాణం. నేను పెద్దాడి మొహం మీంచి చూపు తిప్పలేదు. రంగు మారుతుందేమో, చెయ్యి లేస్తుందేమో అని వెతికాను. బాధ కనిపించింది, లేదనను. కానీ కసి కనిపించలేదు. ఇద్దరు కొడుకుల్ని కన్నందుకు నాకు ఎన్నడూ లేనంత గర్వం ఆ క్షణంలో కలిగింది, కళ్ళ నీళ్ళు దాచుకోవాలని కూడా అనిపించలేదు.

"సరే," అన్నాడు పెద్దాడు. "గీత మీదకి వచ్చింది నీ బీరువా. ఆ చివర పట్టు, లోపలికి జరుపుదాం."

ఇద్దరూ చెరో పక్కా వంగి బీరువా ఎత్తారు. పిల్లలు గోడకి అతుక్కుని దారిచ్చారు.