కుదురుకున్నాకే ఆల్బం

నిడదవోలు రైల్వే గేటు పక్కన ఆరోన్ స్టూడియో తొమ్మిదింటికి తెరుచుకుంటుంది. షట్టరు ఎత్తగానే అతను చేసే మొదటి పని, బల్ల మీద పరిచి ఉంచిన గ్రూపు ఫోటోల్లో ఎవరు ఎటు జరిగారో చూసుకోవడం. అతను తీసిన ఫోటోల్లో మనుషులు నిలబెట్టిన చోట నిలబడరు. ఎవరి పక్కన ఉండాలని మనసులో ఉందో వాళ్ల దగ్గరికి మెల్లగా జరుగుతారు. అందుకు ఎనిమిది రోజులు పడుతుంది. ఊళ్లో దాన్ని ఫోటో కుదురుకోవడం అంటారు. కుదురుకున్నాకే లామినేషన్ చేసి ఆల్బం కడతారు. తోడికోడళ్లు చెరో చివరకీ చేరడం, పెళ్లికొడుకు మేనమామ భోజనాల వైపు నడవడం మామూలే. వాటిని ఎవరూ మనసులో పెట్టుకోరు.

ఒకరోజు పొద్దున బేబి టీచరు మూడు బ్యాగులు మోసుకుంటూ వచ్చింది. యాభైకి రెండేళ్లు తక్కువ. పెళ్లి కాలేదు. తమ్ముడి కూతురు వినీలని చంటిపిల్లప్పటి నుంచి తనే పెంచింది.

"పద్దెనిమిదిన మా వినీల పెళ్లండి. మా తమ్ముడు రాజమండ్రి వాళ్లని పెడదామంటున్నాడు. వాళ్లకి డ్రోన్ ఉందంట."

"నా దగ్గర నిచ్చెన ఉందండి," అన్నాడు ఆరోన్.

బేబి నవ్వింది. "పిల్ల ఒప్పుకోలేదు లెండి. కుదురుకునే ఫోటోలే కావాలంది."

"ముందు ఆ బ్యాగులు కింద పెట్టండి. చేతులు నొప్పెడతాయి."

ఆవిడకి ఆ మాట ఎవరూ చెప్పి ఎరగరు. ఒక్క క్షణం అతని వంక చూసి, బ్యాగులు బెంచీ మీద పెట్టింది.

"ఆల్బం చూసుకుని నేను రంపచోడవరం వెళ్లిపోతున్నానండి. అక్కడ హాస్టల్‌కి వార్డెన్‌గా రమ్మన్నారు. వినీల అత్తారింటికి వెళ్లాక ఇక్కడ నాతో ఎవరికి పని చెప్పండి."

ఆరోన్ డైరీలో తారీఖు రాసుకుని చాలాసేపు పెన్ను మూత కోసం వెతికాడు. అది అతని చేతిలోనే ఉంది.

భార్య పోయి తొమ్మిదేళ్లయింది అతనికి. పన్నెండేళ్లుగా చర్చి ఫోటోలన్నీ అతనే తీస్తున్నాడు. ప్రతి గ్రూపులోనూ ఎడమ చివర బేబి ఉంటుంది. ఫోటో అనగానే ఆడవాళ్లంతా "ఇది కాస్త పట్టుకోండి టీచరు గారూ" అని హ్యాండ్‌బ్యాగులు ఆవిడ చేతికే ఇస్తారు. మిగతావాళ్లంతా జరుగుతారు గానీ ఆవిడ ఏ ఫోటోలోనూ అంగుళం జరగలేదు. జరిగి వెళ్లడానికి ఆవిడకి ఎవరూ లేరు కాబోలని ఆరోన్‌కి బాధగా ఉండేది.

పెళ్లి రోజున చర్చి మెట్ల మీద అందరూ నిలబడ్డారు.

"బేబి గారూ, ఆ బ్యాగులు కింద పెట్టండి."

"పర్లేదండి, అలవాటే."

ఫోటో బల్ల మీదకి చేరింది. రెండో రోజుకి వినీల పెళ్లికొడుక్కి ఆనుకుంది. మూడో రోజుకి బేబి తమ్ముడు విజయ్ పాల్ పెద్దమనుషులని వదిలేసి కూతురి వెనక్కి వచ్చాడు. నాలుగో రోజున ఎడమ చివర ఖాళీగా ఉంది. మెట్టు మీద బ్యాగులు మాత్రం ఉన్నాయి.

ఆరోన్ భూతద్దం తీశాడు. ఫోటో అంతా వెతికితే బేబి రెండు మెట్లు కిందికి దిగి, అందరికన్నా ముందు కనిపించింది. అతని ఫోటోల్లో మనుషులు కుడికీ ఎడమకీ జరిగారు గానీ ముందుకి ఎవరూ రాలేదు. ఎనిమిదో రోజుకి ఆవిడ తెల్ల అంచు దాకా వచ్చేసింది. పెళ్లివారంతా ఆవిడ వెనక చిన్నగా అయిపోయారు.

ఇటువైపు ఎవరున్నారని వస్తోంది ఈవిడ, అనుకున్నాడు. ఆ రోజు కెమెరాకి ఇటువైపు నిలబడింది ఎవరో కాసేపటికి తట్టి కుర్చీలో కూర్చుండిపోయాడు.

మర్నాడు బేబి పెట్టె పట్టుకుని వచ్చింది. పదకొండింటికి బస్సు. ఆరోన్ ఫోటో ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడ చాలాసేపు చూసింది. చెవులు ఎర్రబడ్డాయి.

"ఇది ఆల్బంలో పెట్టలేం కదండి. మా తమ్ముడు కనపడటమే లేదు."

"ఇంకోటి తీస్తానండి. ఆ పెట్టె కింద పెట్టండి."

ఈసారి ఆవిడ అలవాటే అనలేదు. పెట్టె కింద పెట్టి తెర ముందు నిలబడింది. ఆరోన్ కెమెరాకి టైమరు పెట్టి, పన్నెండేళ్లలో మొదటిసారి అటువైపు వెళ్లి, ఒక హ్యాండ్‌బ్యాగు పట్టేంత ఎడం వదిలి ఆవిడ పక్కన నిలబడ్డాడు.

"కుదురుకోవడానికి ఎనిమిది రోజులు పడుతుందండి," అన్నాడు.

"తెలుసండి," అంది బేబి. హాస్టల్‌కి ఫోన్ చేసి, వారం ఆగాలని చెప్పింది.

రోజూ తొమ్మిదింటికి షట్టరు ఎత్తేసరికి ఆవిడ బయట నిలబడి ఉండేది. ఇద్దరూ బల్ల మీదకి వంగి చూసుకునేవారు. రెండో రోజుకే ఆ కాస్త ఎడమూ పోయింది. ఆ తర్వాత ఆరు రోజులూ ఫోటోలో ఇద్దరూ ఎటూ కదల్లేదు.

తొమ్మిదో రోజున లామినేషన్ చేయించారు.