ఎత్తినా లేవని చెయ్యి

నాలుగు నెలలుగా నా కుడిచెయ్యి భుజం ఎత్తు దాటడం లేదు. పలివెలలో ఈ ఇంట్లో మిగిలింది నేనూ, మా తోటికోడలు సత్యదుర్గా. రోజూ పొద్దున్నే తనే నా తల దువ్వి ముడి వేస్తుంది.

మొన్న నన్ను కొత్తపేటలో, కీళ్ళకు కసరత్తు చేయించే నిర్మల దగ్గరికి తీసుకెళ్ళింది కూడా దుర్గే. ఆ అమ్మాయి నన్ను బల్ల మీద పడుకోబెట్టి నా చెయ్యి మెల్లిగా పైకి తీసింది. సగంలో ఆగిపోయింది, తుప్పు పట్టిన మడతబందులా.

“భుజం కీలు చుట్టూ సంచిలాంటి పొర ఉంటుందండి. అదీ, ఎముకల్ని కలిపి పట్టుకునే లిగమెంట్లూ మందమెక్కి ముడుచుకుపోయేయి. మీరు ఎత్తలేకపోవడం ఒక్కటే కాదండి, నేను ఎత్తినా లేవదు.”

గుమ్మం దగ్గర నుంచి దుర్గ అడిగింది. “నటిస్తే తెలిసిపోద్దాండీ?”

“ఆయ్, తెలిసిపోద్దండి. బిగబట్టిన చెయ్యి కాసేపటికి వదులవుద్ది. ఇది వదలదు.”

నేను గోడకేసి తిరిగాను.

ముప్పై ఏళ్ళ కిందటి మాట. మా ఆడపడుచు సీమంతానికి అటక మీది ఇత్తడి గంగాళం దించమని అత్తగారు దుర్గకు చెప్పారు. భుజం పట్టేసింది, చెయ్యి లేవట్లేదండి అంది.

“గరిటెకి లేచిన చెయ్యి గంగాళానికి లేవట్లేదంటండి అత్తయ్యగారూ. ఉండండి, నేను తేలుస్తాను” అని దాని మణికట్టు పట్టుకుని పైకి లాగాను. సగంలో ఆగింది. ఇంకా లాగాను. దుర్గ నేల మీద కూలబడింది. అది బిగబట్టడం కాదని నా వేళ్ళకు తెలిసింది. అయినా, “నాటకమండి” అన్నాను. గంగాళం దుర్గే దించింది, ఎడంచేత్తో. ఆ తరవాత రెండేళ్ళపాటు ఇంటిల్లిపాదీ దాన్ని నాటకాల దుర్గ అనే పిలిచారు.

ఇవాళ పొద్దున్న, దువ్వెన నా జుట్టులో ఉండగా అడిగింది.

“అక్కయ్యా, ఆవేళ నా చెయ్యి లాగేరు కదండీ. నిజంగా మీకు తెలియలేదా?”

ఆవేళ తను కట్టుకున్న ముదురాకుపచ్చ చీర, కొంగు చివర చిన్న కుట్టు, గంగాళం అంచున చెక్కిన మావగారి పేరు, అన్నీ కళ్ళ ముందున్నాయి.

“ఎప్పుడే? నాకు జ్ఞాపకం లేదు దుర్గా.”

“ఆయ్” అంది.

చిక్కు తీయడం పూర్తిచేసి, దువ్వెన నా ఒళ్ళో పెట్టి పెరట్లోకి వెళ్ళిపోయింది. ముడి వెయ్యలేదు. పదింటికి మళ్ళీ నిర్మల దగ్గరికి వెళ్ళాలి. జుట్టంతా ఎడంచేత్తో దగ్గరికి తీసి పట్టుకుని, కుడిచెయ్యి వెనక్కి పోనిద్దామని చూశాను. భుజం దగ్గరే ఆగింది.

పెరట్లో బోరింగు కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది. నేను పిలవలేదు.